ఆట నేర్పిన అయ్యవారు

హైదరాబాదు నగరమునకు దక్షిణముగా, బెంగుళూరు రహదారి మీద శంషాబాదు ఉన్నది. పాయెగా ప్రభువుల నాటి ఊరిది. వారి 'శంసుల్ ఉమ్రా' బిరుదము నుండియే దీనికి ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. 2008 మార్చిలో ఇచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము తెరచిన నాటినుండి ఊరి ముఖము మారిపోయినది. చేలు ఉన్న చోట గోదాములు లేచినవి. తోటల నడుమ హోటళ్ళు వెలసినవి. ఐనను ఉందానగర్ రైలుస్టేషను దాపున, ఇంకను ఎవరును ప్రహరీ కట్టని బీడు ఒకటి మిగిలియున్నది. సాయంకాలము నడకకై నేను అటు పోవుచుందును.

మొన్నటి వేసవిలో ఒకనాడు ఆ బీడులో పది పన్నెండుమంది పిల్లలు ఫుట్‌బాల్ ఆడుచుండగా నిలబడి చూచినాను. అటు రెండు ఇటుకలు, ఇటు రెండు ఇటుకలు. అవియే గోలు స్తంభములు. నలుగురి కాళ్ళకు మాత్రమే బూట్లున్నవి, తక్కినవారివి వట్టికాళ్ళు. తలమీదుగా ఒక విమానము చక్రములు దించుకొని పోయినది. ఒక్క పిల్లవాడును తల యెత్తి చూడలేదు. ఇంతలో బంతి దొర్లుచు వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగినది. "సార్, ఇటు తన్నుండ్రి!" అని ఒకడు కేక వేసినాడు. ఏ కాలితో తన్నవలెనో నాకు తోచలేదు. ఎట్లో తన్నితిని. అది పోయి ప్రక్కనున్న తుమ్మచెట్లలో పడినది. పిల్లలు విరగబడి నవ్వినారు.

నవ్వనివాడొక్కడే. మెడలో ఈల వేసుకొన్న మనిషి, నలుబది దాటినవాడు, దగ్గరకు వచ్చి, "నమస్తే సార్, నన్ను గుర్తు పట్టిండ్రా?" అని అడిగినాడు. కొంత తడవునకు గాని పోలిక చిక్కలేదు. కాలేజీకి రాకముందు, ముప్పది యేండ్ల క్రిందట, నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసినాను. ఆనాడు నా దగ్గర తొమ్మిదవ తరగతి చదివినవాడు. ఇప్పుడు విమానాశ్రయపు సరకుల గోదాములో పని చేయుచున్నాడట. పని ముగిసిన తరువాత ఈ పిల్లలకు ఆట నేర్పుచున్నాడు. రుసుము లేదు.

కుశల ప్రశ్నలైన పిమ్మట అతడు నవ్వుచు అన్నాడు: "సార్, ఆటల పీరియడ్ల మీరు చెప్పిన సవర్ణదీర్ఘ సంధి నాకింకా యాదికున్నది."

అతని మాటలో నిష్ఠురము లేదు. కాని నాకు ముల్లు గుచ్చుకొన్నట్లయినది. ఆ బడిలో వ్యాయామోపాధ్యాయుని స్థానము ఖాళీగా ఉండెడిది. వారమునకు మూడు ఆటల గంటలు ఎవరికిని చెందక పడియుండగా, పరీక్షలు దగ్గర పడుచున్నవను సాకుతో వానిని నేను వ్యాకరణమునకు పుచ్చుకొన్నాను. అది నా శ్రద్ధకు గుర్తని నలుగురును మెచ్చుకొన్నారు. నేనును అట్లే అనుకొన్నాను. కిటికీ దగ్గర కూర్చుండి మైదానమువంక చూచు పిల్లవాని నొకనిని పలుమారులు నిలబెట్టి సంధి విడదీయమని అడిగినట్లు జ్ఞాపకము. ఆ పిల్లవాడే ఈతడు.

మాట మార్చుటకై, చుట్టును చేరిన పిల్లలను, "రహీం సాహెబు పేరు ఎప్పుడైనను విన్నారా?" అని అడిగినాను. ఒకడు వెంటనే, "మైదాన్ సిన్మా! అజయ్ దేవగన్!" అన్నాడు. నా శిష్యుడు, "సిన్మా సంగతి కాదురా. సార్, మీరే చెప్పుండ్రి" అన్నాడు. తోచినది చెప్పినాను. ఇంటికి వచ్చి, తెలిసినదంతయు ఒకచోట కూర్చవలెననిపించినది. ఈ వ్యాసము అందుకొరకే. దీనిని ముఖ్యముగా ఉపాధ్యాయ మిత్రులును, వారి విద్యార్థులును చదువవలెనని నా కోరిక. ఎందుకనగా, భారతదేశపు ఫుట్‌బాల్ చరిత్రలో అందరికంటె పెద్ద శిక్షకుడు హైదరాబాదు నగరపు బడిపంతులు.

బడిపంతులు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించినారు. ఆయనకు తొమ్మిదేండ్లు వచ్చుసరికి, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఒక భారతీయ భాష బోధనాభాషగా పెట్టుకొని నడచిన ఆ విద్యాపీఠమందే ఆయన పట్టభద్రులైనారు. విశ్వవిద్యాలయపు జట్టులో బంతి ఆడినారు. ఊరిలో కమర్ క్లబ్బు అను మంచి జట్టుండెడిది, దాని పక్షమునను ఆడినారు.

బి. ఏ. చదివిన యువకుడు నిజాము రాజ్యములో దస్తరముల వైపు చూచు కాలమది. రహీం బడి వైపు నడిచినారు. మొదట కాచిగూడ మిడిల్ స్కూలులో ఉపాధ్యాయులైనారు. తరువాత ఉర్దూ షరీఫ్ పాఠశాలలోను, మొదటి సాలార్‌జంగు కాలమున వెలసిన దారుల్ ఉలూములోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను పనిచేసినారు. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా పుచ్చుకొని, చివరి రెండు పాఠశాలలలో ఆటల బాధ్యత వహించినారు. 1940ల ఆరంభమున హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యైనారు. మరణించువరకు ఆ బాధ్యతను విడువలేదు.

ఆ కాలపు ఆటగాడు డబ్బుకై ఆడువాడు కాడు. వానిని 'అమెచ్యూర్' అనెడివారు. ఈ మాట పుట్టినది లాటిను భాషలో. అందు దానికి 'ప్రేమించువాడు' అని అర్థము. నేడు మనము ఈ మాటను 'పని చేతకానివాడు' అను అర్థమున వాడుచున్నాము గాని, మూలమునందున్నది ప్రేమయే. ఒలింపిక్ క్రీడలలో చిరకాలము ఈ నియమము కఠినముగా సాగినది. 1912లో స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లన్, డెకాథ్లన్ రెండింటను స్వర్ణములు గెలిచిన అమెరికా ఆటగాడు జిమ్ థార్ప్, అంతకుముందు బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి కూలి పుచ్చుకొన్నాడను కారణమున ఆ పతకములను పోగొట్టుకొన్నాడు. అతడు చనిపోయిన ముప్పదేండ్లకు, 1983లో, అవి అతని బిడ్డలకు దక్కినవి. ఆ నియమము మంచిదా చెడ్డదా అని వాదింపవచ్చును. ధనవంతునికది సులభము, పేదవానికి శిక్ష. కాని ఆ నియమము క్రింద ఆడిన మన హైదరాబాదు ఆటగాండ్రు ధనవంతులు కారు. పోలీసు కొలువులోనో మరియొక కొలువులోనో ఉండి, ఆ జీతముతో ఇల్లు నడుపుకొనుచు ఆడినవారు. వారికి గురువు జీతము బడిపంతులు జీతమే.

పాఠము చెప్పు పద్ధతి

రహీం సాహెబు ఆటను ఎట్లు నేర్పినారో చూచినచో ఆయన పాఠము చెప్పువాడని తెలియును.

మన పిల్లలలో ప్రతివానికి ఒక కాలు వాటముగా ఉండును. కుడికాలివాడు ఎడమకాలిని నిలబడుటకు మాత్రమే వాడును. ఎదుటివాడు ఈ సంగతి పసిగట్టినచో వానిని ఒక ప్రక్కకు నెట్టి కట్టివేయవచ్చును. దీనికి రహీం ఒక ఉపాయము చేసినారు. వాటము లేని కాలితో మాత్రమే బంతి తన్నవలెనను షరతుతో పోటీలు పెట్టినారు. మొదట ఆట నవ్వులపాలై ఉండును. కాని పోటీ అనుసరికి పిల్లవాడు తన ఎడమకాలిని తానే వెదకుకొనును.

రెండవది, బంతిని కాళ్ళ నడుమ ఆడించుచు ఒక్కడే పోవుటను నిషేధించిన పోటీలు. ఆంగ్లములో దీనిని డ్రిబ్లింగ్ అందురు. మన దేశపు ఆటగానికి అది మహాప్రీతి. చూచువారు చప్పట్లు కొట్టుదురు, ఆటగాడు మురియును, ఇంతలో ప్రత్యర్థులు వచ్చి తమ గోలు ముందర గోడ కట్టుదురు. బంతి తాకిన వెంటనే తోటివానికి అందించవలెనను షరతు పెట్టగానే, ప్రతి ఆటగాడును బంతి రాకముందే తలయెత్తి తోటివాడెక్కడ ఉన్నాడో చూడవలసివచ్చినది. ఆట వేగము హెచ్చినది.

తెలుగు బోధించు నాకు ఈ పద్ధతి చూచి అసూయ కలిగినది. వ్యాసము వ్రాయమన్న పిల్లవాడు తనకు వచ్చిన నాలుగు సమాసములనే ప్రతి పుటలోను తిప్పి తిప్పి వాడుచుండును. అది వాని కుడికాలు. ఆ నాలుగు సమాసములను ఒక వారము నిషేధించి వ్రాయుమని నేను ఎన్నడైనను అన్నానా? అనలేదు. తప్పులు మాత్రము ఎఱ్ఱసిరాతో దిద్దినాను. తప్పును దిద్దుట కంటె, తప్పు దానంతట అదియే బయటపడి సరియగు అభ్యాసమును కల్పించుట కష్టము. రహీం చేసినది ఆ కష్టమైన పనియే.

ఆయన చేతిలో పెరిగిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలోని రోవర్స్ కప్పు గెలిచినది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును తెచ్చినది. హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీ గెలిచినది. కలకత్తా నగరమే భారత ఫుట్‌బాల్‌కు రాజధాని అనుకొన్న దినములలో, మూసీ యొడ్డున ఇంకొక రాజధాని వెలసినది.

సికిందరాబాదు దాపున అమ్ముగూడలో పేద యింట పుట్టిన తులసీదాస్ బలరాం అనంతర కాలమున పెద్ద ఆటగాడైనాడు. అతడు చెప్పుకొన్న ముచ్చట యొకటి ఉన్నది. అభ్యాసమునకు రమ్మని రహీం పిలిచినప్పుడు, అంతదూరము వచ్చుటకు తన దగ్గర డబ్బు లేదన్నాడట. సైకిలు అద్దెకు రహీం తామే డబ్బిచ్చి రప్పించుకొన్నారట. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూసినాడు. కడవరకు ఆయనకు రహీం సాహెబు గురువే.

కూలిన అడ్డు

ఇక్కడ ఒక చిన్న ఉపమానము. పరుగుపందెములలో హర్డిల్స్ అను అడ్డుల పరుగు ఒకటి ఉన్నది. పురుషుల 110 మీటర్ల పందెములో దారిలో పది అడ్డులుండును. ఒక్కొక్కటి 106.7 సెంటీమీటర్ల ఎత్తు, అనగా ఇంచుమించు నడుమునకు పైన. అడ్డుకు అడ్డుకు నడుమ 9.14 మీటర్లు, అందులో మూడే అంగలు. చూచువారు సాధారణముగా గమనింపని నియమము ఒకటి ఇందులో ఉన్నది. కావలెనని పడద్రోసినచో తప్పు గాని, కాలు తగిలి అడ్డు కూలినంత మాత్రమున పరుగెత్తువానిని తొలగింపరు. దెబ్బ తగులును, లయ తప్పును, క్షణము పోవును. కాని తరువాతి అడ్డు మూడంగల దూరములో నిలిచియే ఉండును. దానిని దాటువాడే హర్డ్లరు.

రహీం జీవితములో కూలిన అడ్డు 1952. అంతకు ముందటి సంవత్సరము న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలో భారత జట్టు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణము పుచ్చుకొన్నది. ఆ గోలు కొట్టినవాడు సాహు మేవాలాల్. దేశమంతయు పొంగిపోయినది. ఏడాది తిరుగకుండ హెల్సింకి ఒలింపిక్ క్రీడలకు పోయిన ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడినది. మనవారిలో పలువురు వట్టికాళ్ళతో ఆడినారు. వట్టికాళ్ళతో ఆడుట మన ఘనత అని అంతవరకు చెప్పుకొనెడివారము. హెల్సింకి చలిలో, తడిసిన పచ్చికలో, ఎదుటివారి ఇనుప మేకుల బూట్ల నడుమ ఆ ఘనత నిలువలేదు.

అట్టి ఓటమి తరువాత చేయదగిన పనులు రెండు. వాతావరణమును తిట్టుకొనుట ఒకటి, పాఠము తిరుగవ్రాయుట రెండవది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తొడిగి ఆడుటను తప్పనిసరి చేసినది. రహీం జట్టు అమరికను మార్చినారు. నాడు ప్రపంచమును ఆశ్చర్యపరచుచున్న హంగేరీ పద్ధతిని ఆయన పరిశీలించినారు. గోలు దగ్గర నిలువవలసిన నడిమి ఆటగాడు వెనుకకు జరిగి, బంతి అందుకొని, ఇరుప్రక్కలవారికి పంచు ఆట అది. ఆ పద్ధతిని మన ఆటగాండ్ర బలమునకు తగినట్లు మలచుకొన్నారు.

ఫలితము 1956లో మెల్బోర్నులో కనబడినది. డిసెంబరు 1న భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టినాడు; ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ పని చేసిన మొదటి ఆసియావాసి అతడే. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీఫైనలులో మరల ఆ యుగోస్లావియాయే ఎదురైనది. 1-4తో ఓడినాము. ఓటమియే గాని, నాలుగేండ్ల క్రిందటి ఓటమి కాదు. కడకు నాల్గవ స్థానము దక్కినది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం మొదలైన మన నగరపు ఆటగాండ్రు ఎందరో ఉన్నారు.

1960 రోము క్రీడలలో ఫ్రాన్సుతో 1-1గా సమానముగా నిలిచినాము. హంగేరీతో 1-2గా, పెరూతో 1-3గా ఓడినాము. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం సభ్యుడు. కాని పందెములో దిగు అవకాశము అతనికి రాలేదు. తండ్రి శిక్షకుడై యుండగా కుమారుడు బయటి బల్లమీదనే కూర్చున్నాడు. ఉపాధ్యాయుల బిడ్డలకు, తండ్రి బడిలోనే చదివినవారికి, ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. హకీం తరువాత వైమానిక దళములో అధికారియై, అంతర్జాతీయ రిఫరీయై, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారమును అందుకొని, 2021 ఆగస్టులో మరణించినారు.

జకార్తా

1962 నాటికి రహీం శరీరమును క్యాన్సరు పట్టినది. ఐనను ఆ సంవత్సరము జకార్తాలో జరుగు ఆసియా క్రీడలకు జట్టును సిద్ధము చేసి వెంట తీసికొని పోయినారు.

మొదటి పందెములోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తరువాత థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను గెలిచినారు. థాయిలాండు పందెములో వెనుక కాపుగా ఆడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. అట్టివానిని రహీం ఇంట కూర్చుండబెట్టలేదు. వెనుక నుండి తీసి ముందు వరుసలో నిలిపినారు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన ఆటలో అతడొక గోలు కొట్టినాడు. ఎవరికి ఏ పని అలవాటో తెలియుట ఒక ఎత్తు, అవసరము వచ్చినప్పుడు ఎవరు ఏ పని చేయగలరో తెలియుట మరియొక ఎత్తు. పిల్లలను ఏండ్ల తరబడి చూచిన ఉపాధ్యాయునికి గాని ఈ రెండవది పట్టుబడదు.

అంతిమ పందెము సెప్టెంబరు 4. ప్రత్యర్థి మొదట ఓడించిన దక్షిణ కొరియాయే. ఊరు మనకు ప్రతికూలముగా ఉండెను. ఇజ్రాయెలు, తైవాను దేశములవారిని ఆతిథేయులు రానీయకపోగా, ఆసియా క్రీడా సమాఖ్యలో ప్రముఖుడైన మన గురుదత్ సోంధీ దానిని ఆక్షేపించినారు. దానితో జకార్తా జనము కోపించి భారత రాయబార కార్యాలయము మీదికి పోయినది. స్టేడియములో లక్షమంది. మన జాతీయగీతము వినబడనంతగా అల్లరి. అందులోను పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మనవారిని ఉత్సాహపరచినారని ఆనాటి మన ఆటగాండ్రు కృతజ్ఞతతో చెప్పుకొన్నారు.

ముందునాటి రాత్రి రహీం తన శిష్యులను దగ్గరకు పిలిచి, రేపు మీరు నాకొక బహుమానము ఇవ్వవలెను, ఆ స్వర్ణము గెలిచి తెండు అని కోరినారట. ఆ మాటను ఆ జట్టువారు జీవితాంతము తలచుకొన్నారు. గురువు శిష్యులను అడిగిన దక్షిణలు మన పురాణములలో ఉన్నవి. బొటనవ్రేలు అడిగిన గురువును గూర్చి మనము నేటికిని వాదించుకొనుచున్నాము. ఈ గురువు అడిగినది శిష్యులనుండి ఏమియు తీసికొనలేదు. వారికే కీర్తియై నిలిచినది.

పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ ఒక గోలు, ఇరువదవ నిమిషమున తలకు కట్టుతో ఆడుచున్న జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టినారు. జ్వరముతో మునుపటి పందెములకు దూరమైన పీటర్ తంగరాజు ఆనాడు గోలు కాచినాడు. కొరియావారు చివరలో ఒకటి మాత్రము తీర్చగలిగినారు. 2-1. చునీ గోస్వామి నాయకత్వమున భారతదేశము ఆసియా విజేత యైనది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాహెబు కన్నుమూసినారు. వయస్సు 53. ఉత్తమ శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారము అను దానిని ప్రభుత్వము నెలకొల్పినది 1985లో. అప్పటికి ఆయన పోయి ఇరువదిరెండేండ్లు.

1960 తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలకు మరల అర్హత పొందలేదు. 1962 తరువాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మరల రాలేదు. ఒక్క మనిషి పోయినంత మాత్రమున ఇంత జరుగునా అని అడుగవచ్చును. ఒక్కని వలన కాదు. ఇతర దేశములు ముందుకు సాగినవి, మనము నిలిచిపోయినాము. కాని రహీం ఆటగాండ్రను వెదకినది బస్తీలలో, బడులలో, ఇటుకల గోళ్ళ నడుమ. అట్లు వెదకు కన్ను ఆయన వెంటనే చాలవరకు మూతపడినది.

మిగిలిన సంగతి

శంషాబాదు నుండి ఔటర్ రింగురోడ్డు మీద పోయినచో అరగంట ప్రయాణములో నార్సింగి వచ్చును. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయములో చదువుకొన్న అగసర నందిని, టీ అమ్ముకొను తండ్రి బిడ్డ. మొదట హర్డిల్స్ పరుగెత్తినది. పిదప ఏడు పోటీల హెప్టాథ్లన్‌ను చేపట్టి, 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 5,712 పాయింట్లతో కాంస్యము గెలిచినది. ఆ ఏడింటిలో మొదటిది ఇప్పటికిని హర్డిల్సే. విశాఖపట్టణపు యఱ్ఱాజి జ్యోతి 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో వంద మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన మొదటి భారతీయురాలు. ఆమె తండ్రి కాపలా ఉద్యోగి, తల్లి ఇండ్లలో పనిచేసినది. ఆమె పొడవును చూచి, నీవు ఈ పరుగునకు తగుదువని మొదట గుర్తించినవాడు ఆమె బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. వెదకు కన్ను ఒకటి తెరచియున్న చోట ఇట్టి బిడ్డలు దొరకుదురు.

ఉపాధ్యాయ మిత్రులారా, పాఠ్యక్రమమును తగ్గించుమని నేను చెప్పబోవుట లేదు. వ్యాకరణమును విడిచిపెట్టుమని అంతకంటెను చెప్పను. నేను చెప్పగలిగినది నా అనుభవము మాత్రమే. ఆటల గంట నాది కాదు. దానిని పుచ్చుకొన్ననాడు నేను ఒక పిల్లవాని నుండి ఏమి తీసికొన్నానో నాకు తెలియదు. ముప్పదేండ్ల తరువాత, సరకుల గోదాములో పని ముగించుకొని వచ్చి, బీడులో ఈల ఊదుచున్న మనిషిని చూచినప్పుడు కొంత తెలిసినది. అతడు పెద్ద ఆటగాడు అయ్యెడివాడని నేననను. కాలేకపోవచ్చును. కాని అయ్యెడివాడో కాదో చూచుటకు వానికి వారమునకు మూడు గంటలు ఉండెను. అవి నా దగ్గర చిక్కుకొన్నవి.

తరువాతి ఆదివారము మరల ఆ బీడుకు పోయినాను. రహీం సాహెబు పెట్టిన ఎడమకాలి పోటీ సంగతి శిష్యునికి చెప్పినాను. అతడు ఈల ఊది పిల్లలను నిలిపి, "ఇయ్యాల కుడికాలు బంద్" అని చాటినాడు. మొదట పావుగంట ఆట ఆటగా లేదు. బంతి ఎటు పోవుచున్నదో తన్నినవానికే తెలియదు. ఒకడు తన్నబోయి తానే పడినాడు. పిదప మెల్లగా, వట్టికాళ్ళ చిన్నవాడొకడు ఎడమకాలితో బంతిని నిలిపి, తల యెత్తి, తోటివానికి సరిగా అందించినాడు. వాడు తన కాలివంక ఆశ్చర్యముతో చూచుకొన్నాడు.

"సార్, మీరు గూడ రాండ్రి" అని శిష్యుడు పిలిచినాడు. ఎప్పటివలె ప్రక్కన నిలుచుందునని చెప్పబోయినాను. అతడు వినలేదు. "సంధులు మీరు చెప్పిండ్రు గద. ఇది నేను చెప్త" అన్నాడు.

చెప్పులు గట్టుమీద విడిచి లోపలికి పోయినాను.